ఐదో వేలు

మార్చి 5, మంగళవారం

పదిహేడో గొట్టంలో అడుగులు పడ్డాయి.

ఈ ఒక్క ముక్క రాసి టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నలభై ఐదు మంగళవారాలు వరసగా నూట ఇరవై అట్టల్లో ఒక్కదాని మీదా ఎలుక జాడ లేదు. సోమవారం సాయంత్రం గొట్టంలో అట్ట పెట్టడం, మధ్యలో సిరా పూయడం, వేరుశెనగ ముద్ద అంటించడం, పొద్దున్నే వెళ్ళి తియ్యడం. ముద్ద కోసం ఏది వచ్చినా సిరా తొక్కి అడుగులు వేసి పోతుంది. ఇన్ని వారాల్లో బల్లులూ పురుగులూ తప్ప ఏవీ తొక్కలేదు.

ఇంకో ఆరు వారాలు ఇలాగే గడిస్తే ఏడాది నిండుతుంది. ఏడాది నిండితే పిట్టల డాక్టరు ఆ నలభై పిట్టల్ని తెచ్చి సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఈ కొన మీద వదులుతుంది. నేలలో బొరియ చేసుకుని గుడ్లు పెట్టే పిట్టలవి. ఎలుక కంట పడితే ఒక్క గుడ్డు మిగలదు. పిట్టలొస్తే వాటిని కనిపెట్టుకుని ఉండడానికి అటవీ శాఖ వాళ్ళు మా వాళ్ళలోంచే ఇంకో ఎనిమిది మందిని తీసుకుంటారు. ఎనిమిదిలో మొదటి పేరు మా ఆయనది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. రాస్తే మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను.

అట్టని కిటికీ దగ్గర పెట్టి చూశాను. చిన్న అడుగులు, నా బొటనవేలి గోరంత. ఎలుక ముందుకాలికి నాలుగు వేళ్ళు, వెనకకాలికి ఐదు. పనిలో చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే ఈ పాఠం చెప్పేది నేనే. ఒకప్పుడు కొన మీద తిరిగిన సూదిముక్కుకైతే ముందూ వెనకా ఐదే. ఆ పాఠం నాకు అమ్మ చెప్పింది.

ముందుకాలి వేళ్ళు లెక్కపెట్టాను. ఐదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదో దాని దగ్గర సిరా కాస్త అలికినట్టుంది. కానీ ఉంది. ఐదు.

డెబ్భై రెండేళ్ళుగా ఎవరూ చూడని జంతువు. మా వాళ్ళని కొన మీద నుంచి లేపేసిన ఏడే అదీ పోయిందంటారు.

ఎవరు ఏ అట్ట తెచ్చినా ఇద్దరు విడివిడిగా చూసి సంతకం పెట్టాలి. ఆ రూలు పెట్టింది నేనే. ఇవాళ అట్టని డబ్బాలో వెయ్యలేదు, ఈ పుస్తకంలో పెట్టుకున్నాను. రిజిస్టరులో పదిహేడు ఎదురుగా "తడిసింది" అని రాశాను. రెండో సంతకం మరిదిది, వాడికి రేపు చూపిస్తాను.

మార్చి 6

ఐదు.

మార్చి 8, శుక్రవారం

అమ్మకి చెప్పేశాను. చెప్పకూడదనుకుంటూనే నోరు జారాను.

దుప్పటి మారుస్తూ, "సూదిముక్కు వచ్చిందమ్మా" అన్నాను. ఆవిడకి ఏ మాటైనా మూడుసార్లు అరిచి చెప్పాలి. ఇది మాత్రం ఒక్కసారికే వినపడింది.

"ఎక్కడ?"

"వాగు దగ్గర."

"ఏ వాగు? పెద్దదా, మనింటి వెనకదా?"

"మనింటి వెనకదే."

ఆ ఇల్లు లేదు. మూడు పొయ్యిరాళ్ళు మిగిలాయి. పదిహేడో గొట్టం ఆ రాళ్ళకి ఇరవై అడుగుల దూరం. గొట్టాలు పెట్టే రోజుల్లో ఆ చోటు ఎంచింది నేనే.

అమ్మ మొదలుపెట్టింది. ఇదంతా నాకు కంఠతా వచ్చు, అయినా విన్నాను. రాలిన ఆకుల కింద ముక్కు దూర్చి గీరుకుంటూ పోయేదట. బురదలో నడిచేవాళ్ళు బట్టలు ఎత్తిపట్టుకున్నట్టు తోక పైకెత్తుకునే పోయేదట. చూడ్డానికి చుంచులా ఉన్నా కంపు కొట్టేది కాదట. "మా అమ్మ దాన్ని ఎవర్నీ కొట్టనిచ్చేది కాదు. గింజల్లో పట్టే పురుగంతా అదే తినేసేది. మాకప్పుడు మందులెక్కడివి, బోనులెక్కడివి? మా బోను అదే" అంది. లారీ ఎక్కించిన రోజు అమ్మకి తొమ్మిదేళ్ళు.

"నువ్వు చూశావా?" అంది చివర్న.

"అడుగులు చూశాను."

"ఏదీ, చూపించు."

"ఆఫీసులో ఉందమ్మా" అన్నాను.

అట్ట నా సంచిలో, ఈ పుస్తకంలోనే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పానో నాకే తెలియదు. వెలుతురు తగ్గిపోతోందని కాబోలు.

సాయంత్రం ఆవిడ జడ వెయ్యమంది. ఎన్ని నెలలైందో అలా అడిగి.

మార్చి 12, మంగళవారం

పదిహేడూ, పద్దెనిమిదీ.

ఇక దాచడం నా వల్ల కాలేదు. మరిది రెండో సంతకం కోసం వచ్చి, "ఏంటి వదినా ఇది?" అన్నాడు. "నువ్వే చెప్పు" అన్నాను. వాడు అట్టని కళ్ళకి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశాడు. "ఎలుకా?" అన్నాడు. "ముందుకాలు లెక్కపెట్టు" అన్నాను. "పొయ్యిరాళ్ళ దగ్గర దొరికింది" అని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. కాదు, అందులో తప్పేముంది? నిజమే కదా.

వాడు లెక్కపెట్టాడు. ముఖం మారిపోయింది. "సూదిముక్కా?" అన్నాడు. అంతే, షెడ్డు ఎగిరిపోయేలా కేకేశాడు.

పన్నెండు మందిమీ బల్ల చుట్టూ మూగాం. అందరూ లెక్కపెట్టారు, అందరికీ ఐదు కనిపించాయి. మాలో పెద్దవాడు పొడుగాయన, నేను బాబాయ్ అంటాను, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి ఇప్పుడు ఎలుకలు పట్టే మనిషి. ఆయన టోపీ తీసి గుండెల దగ్గర పట్టుకుని ఏడ్చాడు. ఆ పొడుగు మనిషి ఏడుస్తుంటే ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు.

అప్పుడే ఎవరో అన్నారు, "మరి మన బోనుల్లో అది ఇరుక్కుంటే?"

వాగు పొడుగునా పద్నాలుగు బోనులున్నాయి, దూరినదాన్ని అక్కడికక్కడే చంపేసేవి. డెబ్భై రెండేళ్ళకి తిరిగొచ్చినదాన్ని మన చేతులతోనే చంపుకుంటామా? భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళి పద్నాలుగూ మూసేసి వచ్చాం. దారిలో అందరూ నవ్వుతూనే ఉన్నారు. నేనూ నవ్వాను. ఐదేళ్ళ పనిలో ఇంత మంచిరోజు లేదు.

మార్చి 13

మూయడమే సరైన పని. ఎలుకల్లేని చోట బోనులు తెరిచి పెట్టడంలో అర్థమేముంది?

కంచె మీద పడ్డ చెట్టు గురించి ఆలోచించాను. ఫిబ్రవరిలో గాలికి పడింది. మూడువైపులా సముద్రం, నాలుగోవైపు ఆ కంచే. రెండ్రోజుల్లో చెట్టు తీసి వల కుట్టేశాం. రెండ్రోజుల్లో ఏం వస్తుంది?

మార్చి 15, శుక్రవారం

పిట్టల డాక్టరు ఫోన్ చేసింది. ఎవరో ఉప్పందించినట్టున్నారు.

"సూదిముక్కు అడుగులు దొరికాయటగా! అట్ట ఫొటో తీసి పంపండి, ప్లీజ్, ఇప్పుడే" అంది. గొంతులో సంతోషం నిజమైనదే, కాదనను. కానీ నాకు ఒళ్ళు మండింది. మేం కొన చూసుకోకముందు ఆరేళ్ళు బయటి కంపెనీ వాళ్ళు హెలికాప్టర్ లోంచి మందు చల్లారు. అప్పుడు మా పెద్దవాళ్ళు వెళ్ళి, వాగు లోయలోకి మందు పడడం లేదు, ఎలుకలన్నీ అక్కడే ఉన్నాయి అని చెబితే, ముసలమ్మల మాటలని కొట్టిపారేశారు. మేమొచ్చి ఒక్కో బోను దగ్గరికీ కాళ్ళరిగేలా తిరిగితే ఎలుకలు పోయాయి. ఇప్పుడు మా జంతువు మాకు దొరికిందో లేదో వాళ్ళు ఫొటో చూసి తేల్చాలా?

"పూర్తిగా ఖాయం చేసుకున్నాక పంపుతానండీ" అన్నాను.

"ఇద్దరు చూశారు కదా?"

"పన్నెండు మంది చూశాం" అన్నాను.

ఆవిడ ఇంకేం అనలేదు. నా మాట మీద ఆవిడకి అంత నమ్మకం. బయటి కంపెనీ వాళ్ళయితే ఈ పాటికి దాన్ని ఎలుక అని రాసి పారేసేవాళ్ళు. వాళ్ళకి కథ తెలియదు కదా.

మార్చి 19, మంగళవారం

పదహారు, పదిహేడు, పద్దెనిమిది, ఇరవై ఒకటి.

ఈసారి అడుగులు పెద్దవి. పిల్లలు ఎదిగి ఉంటాయి. ఐదోది సరిగా పడలేదు, సిరా ఆరిపోయి ఉంటుంది. కొత్త సీసా తెప్పించాలి.

మార్చి 20

అట్ట మధ్యలో సన్నటి గీత ఉంది. తోక గీత. తోక ఉన్నాక ఎప్పుడో ఒకప్పుడు నేలకి తగలదా?

మార్చి 22, శుక్రవారం

మరిది అగ్గిపెట్టె తెచ్చి నా ముందు తెరిచాడు. లోపల నల్లటి పెంటికలు, రెండు కొసలూ సన్నగా.

"వాగు దగ్గర దొరికాయి వదినా. నాకెందుకో తేడాగా ఉంది. ఒక రెండు బోనులు తెరిచి చూద్దామా?"

"దేనికి? దాన్ని చంపడానికా?"

"అది కాదు. మరి ఇవి ఏంటి?"

"అది తినేది పురుగులు. పురుగులు తింటే ఇలాగే ఉంటాయేమో. నీకు తెలుసా? నువ్వు చూశావా సూదిముక్కు పెంటికల్ని?"

"నువ్వు చూశావా?" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు. అప్పుడు నేనన్న మాట రాసుకోవాలి, ఎందుకంటే ఎవరూ నాకది గుర్తు చెయ్యరు. "ఇక్కడ నేను మేస్త్రిని, ఇంటి దగ్గర వదినని. ముందు ఎవరితో మాట్లాడుతున్నావో తేల్చుకుని నోరెత్తు" అన్నాను. వాడు అగ్గిపెట్టె మూసి జేబులో వేసుకుని పోయాడు. వాడు నా పెళ్ళయ్యేనాటికి మాటలు కూడా సరిగ్గా రాని పిల్లాడు. ఎప్పుడూ వేళాకోళమే తప్ప ఎదురు మాట అన్నవాడు కాదు.

ఇంట్లో మా ఆయన అద్దం ముందు పని చొక్కా వేసుకుని చూసుకుంటున్నాడు. కొన మీది వాళ్ళకిచ్చే ఆకుపచ్చ చొక్కా, నాదే. భుజాల దగ్గర బిగుతుగా ఉంది. "నాకు పెద్ద సైజు చెప్పు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఐదింటి బస్సెక్కి చేపల డబ్బాల ఫ్యాక్టరీకి పోతున్నాడు. నేనూ పందొమ్మిదేళ్ళు అదే బస్సెక్కాను. ఎంత తోమినా ఆ వాసన వదలదు.

"చెబుతాను" అన్నాను.

మార్చి 24, ఆదివారం

అమ్మ మళ్ళీ అట్ట అడిగింది.

"ఆఫీసుకి సెలవమ్మా ఇవాళ."

"నిన్న సెలవు కాదుగా."

"మర్చిపోయాను."

"నాకు మతిమరుపు, నీకూ మతిమరుపే. ఈ ఇంట్లో గుర్తుండేది ఎవరికే?" అని పక్కకి తిరిగి పడుకుంది.

మార్చి 26, మంగళవారం

ఇరవై రెండు అట్టలు.

ఇవాళ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టబుద్ధి కాలేదు.

మార్చి 27, బుధవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాను. అమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఈ పుస్తకంలోంచి మొదటి అట్ట తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి భూతద్దం చేతికిచ్చాను. "ఇదుగో" అన్నాను.

ఆవిడ అట్టని గిరుక్కున తిప్పింది. "నడక ఇటు. తలకిందులుగా పెట్టావేంటే?" అంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చిటికెన వేలి గోరుతో ఒక్కొక్క చుక్కా తాకింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

నేను ఐదో దాని కోసం ఎదురుచూశాను. గోరు పక్క అడుగు మీదికి వెళ్ళింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

"ఇక్కడ ఇంకోటి ఉంది కదమ్మా, అలికినట్టు..."

"అది మరకే."

భూతద్దం కింద పెట్టేసింది. "ఎలుక. పిల్ల ఎలుక" అంది. తలుపు చప్పుడైతే ఎవరొచ్చారో చెప్పినంత మామూలుగా.

నేను మంచం మీద కూలబడ్డాను. నాకు మొదటిరోజే తెలుసు. లేదు, తెలియదు. తెలిసి ఉండాల్సింది. తెలియకపోతే "తడిసింది" అని ఎందుకు రాశాను?

"నీకు చెప్పి తప్పు చేశానమ్మా. ఆశపెట్టి..."

"నాకేం ఆశ పెట్టావు? ఆ రాత్రే నాకు అనుమానమొచ్చింది. అదే అయ్యుంటే పరుగెత్తుకొచ్చి ముందు నాకు చూపించేదానివి. చూపించు అంటే ఆఫీసన్నావు. ఎప్పుడు తెస్తావా అని చూస్తున్నా. పంతొమ్మిది రోజులు పట్టింది నీకు."

"అప్పుడే అడగొచ్చుగా!"

"అడిగాను. రెండుసార్లు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది, కానీ ఎంతోసేపు కాదు. "బోనుల్లో పడలేదా ఒక్కటి కూడా?" అంది.

"మూసేశాం."

"ఏంటీ?"

"సూదిముక్కు పడిపోతుందని మూసేశాం."

ఆవిడ నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "ఎవరు మూయమన్నారు?"

"నేనే."

"మరి ఇక్కడ కూర్చుని ఏడిస్తే చస్తాయా ఎలుకలు? లే!" అంది.

లేచాను. పొయ్యిరాళ్ళ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి, చీకటి పడేలోపు పద్నాలుగు బోనులూ తెరిచి వచ్చాను.

మార్చి 28, గురువారం

పొద్దున్నే తొమ్మిది బోనుల్లో ఎలుకలు.

అందర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. నేను నిలబడే ఉన్నాను. మొదటి అట్ట ఎక్కడ దాచానో, రిజిస్టరులో ఏం రాశానో, అమ్మ ఏం అన్నదో, అన్నీ చెప్పాను. నీళ్ళు నమలకుండా చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాను, అయినా రెండుచోట్ల ఆగి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చివర్న, "మేస్త్రి పని వేరే ఎవరైనా తీసుకోండి" అన్నాను.

పొడుగాయన అన్నాడు, "అమ్మాయ్, నేనూ లెక్కపెట్టాను కదా. నాకూ ఐదే కనిపించాయి. నా చేత నువ్వు చూపించి లెక్కపెట్టించలేదు. నా అంతట నేనే చూశాను ఐదు."

"పొయ్యిరాళ్ళని చెప్పింది నేనే కదా బాబాయ్."

"చెబితే? పదహారేళ్ళ మనవరాలికి అడుగులు చదవడం నేర్పుతున్నాను నేను. ఎలుక కాలికి ఐదు వేళ్ళు మొలిపించాను."

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. పన్నెండు మందిమి చూశాం. పుట్టినప్పటి నుంచీ దాని గురించి వింటూ పెరిగినవాళ్ళం పన్నెండు మందిమీ. ఆ కథ వినని మనిషి ఒక్కరున్నా నాలుగే కనిపించేవి.

మరిది జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్లమీద పెట్టాడు. "పారేద్దామనుకున్నా వదినా, చేతులు రాలేదు" అన్నాడు. ఆ రోజు నేనన్న మాటకి అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. వాడు తల గోక్కుంటూ, "ఇంతకీ ఇప్పుడు మాట్లాడుతున్నది వదినా, మేస్త్రమ్మా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నా కళ్ళు మాత్రం ఆగలేదు.

తర్వాత పిట్టల డాక్టరుకి ఫోన్ చేశాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"మూసిన బోనులెన్ని?"

"పద్నాలుగు."

"ఎన్ని రోజులు?"

"పదిహేను."

అవతల ఏదో కాగితం తిప్పిన చప్పుడు. "పిట్టల్ని ఆపేస్తాను. ఏడాది మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలండీ" అంది. శాఖకి తను చెప్పనని, నన్నే చెప్పమని అంది. చెప్పాను.

మార్చి 29

మా ఆయనకి రాత్రే చెప్పాలి. ధైర్యం చాలక, పొద్దున బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పాను.

"మళ్ళీ ఏడాదా?" అన్నాడు.

"ఆ పని మన దగ్గర ఉంటే."

అన్నం డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. బస్సొచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగి, "చొక్కా సైజు ఇప్పుడే చెప్పకు అయితే. ఏడాదికి ఇంకా లావవుతానేమో" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. కానీ కిటికీ పక్కన కూర్చున్నాక ముఖం ఎలా పెట్టుకున్నాడో నేను చూశాను.

ఏప్రిల్ 2, మంగళవారం

ఈ వారం బోనుల్లో పదకొండు. ఇరవై ఆరు అట్టల మీద అడుగులు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఆరు.

ఏప్రిల్ 16, మంగళవారం

పిట్టలు రావాల్సిన రోజు. వాటి బదులు శాఖ ఆఫీసరు వచ్చాడు, పిట్టల డాక్టరు కూడా వచ్చింది.

ఆఫీసరు మంచివాడే, కానీ రిజిస్టరు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. వేలు సరిగ్గా "తడిసింది" మీద ఉంది. "మళ్ళీ ఇలా జరగదని హామీ ఏంటమ్మా? పైన అడుగుతున్నారు. పాత కంపెనీ వాళ్ళు మళ్ళీ టెండరు వేస్తామంటున్నారు" అన్నాడు.

పన్నెండు కుటుంబాలు ఆ వేలి కింద ఉన్నాయి.

పొడుగాయన గొంతు సవరించుకున్నాడు. "వీళ్ళింట్లో ఒక పెద్దావిడ ఉందండీ. అట్టలు ఆవిడకి చూపిస్తే జరగదు" అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "ఎంత దూరం ఇల్లు?" అంది.

అమ్మ తల దువ్వుకుని ఉంది. ఎవరు చెప్పారో ఏమో, మరిదే అయ్యుంటాడు. డాక్టరు సంచిలోంచి పది అట్టలు తీసి ఒళ్ళో పెట్టింది. ఎక్కడెక్కడివో, పేర్లూ నంబర్లూ లేవు. అమ్మ ఒక్కొక్కటీ తిప్పి, వెలుతురుకి పెట్టి, గోరుతో లెక్కపెట్టి పక్కన పెడుతోంది. "ఎలుక. బల్లి. బల్లి. ఎలుక, కుంటిది. ఇదేంటో నాకు తెలీదు, పిట్టేమో." తెలియనిది తెలియదని ఎంత తేలిగ్గా అనేసిందో! నేను ఆ ఒక్క మాట అని ఉంటే.

ఎనిమిదో అట్ట దగ్గర ఆగిపోయింది.

గోరు ఐదుసార్లు తాకింది. పక్క అడుగు మీద ఐదుసార్లు. వెనక్కి వచ్చి మళ్ళీ ఐదుసార్లు. "ఐదు" అంది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "అమ్మాయ్, ఇదెక్కడిది?" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతులా ఉంది.

"దూరంగా ఒక దీవి ఉందండీ. ఎలుకలు చేరని దీవి. మీ సూదిముక్కుకి దూరపు చుట్టాలు అక్కడ కొన్ని మిగిలాయి" అంది డాక్టరు.

అమ్మ ఆ అట్టని చెంపకి ఆనించుకుంది. సిరా అంటుకుంది.

"చుట్టాలైతే రమ్మనండి" అంది కాసేపటికి.

"వస్తాయండీ. ఎలుకల్లేని ఏడాది ఒకటి చూపిస్తే అడిగి తెస్తాను. పిట్టల తర్వాత అవే."

ఆఫీసరు బయటికొచ్చి చాలాసేపు చెప్పులు వేసుకున్నాడు. పని మాకే ఉంచుతానన్నాడు. కొత్త ఎనిమిది మంది ఏడాది తర్వాతే. రెండో సంతకం అమ్మది. ఆవిడని కూడా పనివాళ్ళ జాబితాలో రాయమని డాక్టరు పట్టుబట్టింది. "ఏ ఉద్యోగమని రాయాలి?" అన్నాడు ఆయన. "అడుగులు చదివే మనిషి అని రాయండి" అంది ఆవిడ.

ఎనభై ఒక్కేళ్ళ వయసులో అమ్మకి మొదటి ఉద్యోగం. నాకు అమ్మ పై అధికారి అయింది. మరిది సాయంత్రం నుంచీ అదే పాట.

ఏప్రిల్ 30

మూడు. అమ్మ ఒక అట్ట వెనక్కి పంపింది. సిరా పల్చగా పూశారని, ఎవరు పూశారో పేరు రాసి పంపమని. పూసింది నేనే.

మే 21

ఒకటి. ముసలి మగ ఎలుక. పొయ్యిరాళ్ళ పక్కనే దొరికింది.

జూన్ 18, మంగళవారం

బోనుల్లో ఏమీ లేదు. నూట ఇరవై అట్టలూ అమ్మ ముందు పెట్టాను. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. మధ్యలో ఆకలేస్తోందేమోనని అడిగితే విసుక్కుంది. ఒక్కొక్కటీ తిప్పింది, వెలుతురుకి పెట్టింది. పదిహేడోది వచ్చినప్పుడు నేను గదిలోంచి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి అది మిగతావాటి కింద చేరిపోయింది.

చివరిది పక్కన పెట్టి, "ఏమీ లేదు" అంది. ఆ మాట ఇంత బాగుంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. రిజిస్టరులో తన పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా, గీత దాటి కిందికి జారాయి. దాని పైన నేను రాశాను.

"ఎన్నో వారం ఇది?" అంది.

"మొదటిది. ఇంకా యాభై ఒకటి కావాలి."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. నేను వేసుకున్న లెక్కే అయ్యుంటుంది. ఎనభై రెండు నిండుతాయి అప్పటికి. నా ముఖం చూసి కనిపెట్టేసింది.

"ఉంటాలే" అంది, భూతద్దం కొంగుతో తుడుచుకుంటూ. "నీ కళ్ళని నమ్మి ఎలా పోతాను?"